ముత్తాత బొమ్మ వేసిన సీసా, ముప్పై అయిదు రేడియేషన్లు

ఏదో తేడా ఉందని నాకు మొదట తెలిసింది ఒక పెళ్ళి భోజనం తర్వాత, పాన్ నోట్లో పెట్టుకున్నప్పుడు. నలభై ఏళ్ళుగా రోజూ వేసుకునే జర్దా పానే అది. ఆ రోజు సున్నం నాలుక కుడి పక్కన, బాగా వెనక, నిప్పులా తగిలింది. నలుగురిలో ఉమ్మడం మా ఇంటి మర్యాద కాదు. జేబురుమాలులోకి తీసి, మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చి విప్పి చూస్తే ఎర్రటి చార కనిపించింది. పాన్ రంగే అనుకున్నాను.

ఇలాంటి అనుభవాలు రాసేవాళ్ళు సాధారణంగా తోటి రోగులకు ధైర్యం చెప్పడానికి రాస్తారు. నేను ఒక మనిషి చేసిన పని నలుగురికీ తెలియాలని రాస్తున్నాను. ఆ మనిషి మా చిన్నాయన కొడుకు విఠల్. నేను చేసిన పని కూడా రాస్తాను. నాది దాచిపెట్టి అతనిది మాత్రమే చెబితే అతనికీ నాకూ తేడా ఉండదు.

మా ముత్తాత కంటోన్మెంటుకు పెద్ద కంట్రాక్టరు. వెస్ట్ మారేడ్‌పల్లిలో మా ప్రహరీ ఒక వీధి నుంచి ఇంకో వీధి దాకా ఉండేదట. నేను పుట్టేసరికి అందులో మూడు గదులు మిగిలాయి. నాకు ఉద్యోగం వచ్చేసరికి అవీ లేవు. సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు నేనూ నా భార్య అనసూయా నేరేడ్‌మెట్‌లో ఒక ఇంటి పై పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాం. అయినా ఎవరైనా పాతవాళ్ళు ఎదురై 'నర్సింగరావు దొరా' అంటే నడుము దానంతటదే నిటారుగా అవుతుంది. నా రోగం ముదరడానికి ఆ నడుమే సగం కారణం.

నాలుక మీద తేలిన పుండు మూడో వారంలో ఉండగా మా వీధి డాక్టరుకు చూపించాను. ఆయన పూతమందు ఇచ్చాడు. 'వారంలో మానకపోతే ఆగొద్దు సార్, పెద్దాసుపత్రికి పోండి. చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు' అని చెప్పాడు. వారమైంది. మానలేదు. వెళ్దామనుకుంటూ ఉండగా విఠల్ వచ్చాడు.

పదేళ్ళుగా మా గడప తొక్కనివాడు వచ్చి నా కాళ్ళకు దండం పెట్టాడు. నేను కూర్చోమనేదాకా నిలబడే ఉన్నాడు. బయాప్సీ మాట వినగానే నాలుక కరుచుకున్నాడు.

"పెద్దన్నా, కత్తి ముట్టిందంటే అది లేస్తది. నిద్రపోతున్న పామును కట్టెతో పొడుస్తరా ఎవలన్న?"

సంచిలోంచి ఒక చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. లోపల పసుపుపచ్చగా మెరిసే ద్రవం. పైన కాగితం మీద తలపాగాతో మా ముత్తాత. ఆ ఫోటో ప్రపంచంలో ఒక్కటే ఉంది, అది నా గోడ మీద ఉంది. ఎప్పుడు ఫోనులో తీసుకుపోయాడో నాకు తెలియదు. బొమ్మ కింద మా ఇంటిపేరు, దాని కింద 'నానో సువర్ణ యోగం' అని.

ఇది మన ఇంటి మందేననీ, ముత్తాత నాటి బంగారు భస్మానికి తాను కొంచెం సైన్స్ కలిపాననీ, బంగారాన్ని కంటికి కనిపించనంత చిన్న రేణువులు చేస్తే అవి నేరుగా రోగం దగ్గరికే వెళ్తాయనీ చెప్పాడు. పెద్ద పెద్ద క్యాన్సర్ ఆసుపత్రుల్లో కూడా ఇప్పుడు నానోతోనే చేస్తున్నారట. ఆ చివరి మాట నిజమేనని నాకు తర్వాత తెలిసింది. అబద్ధం అమ్మేవాడు సంచిలో ఒక నిజం కూడా పెట్టుకుని వస్తాడు.

మా ఇంట్లో ఏ మందూ లేదు. ఆ సంగతి విఠల్‌కు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ సీసా చేతిలోకి తీసుకుని ముత్తాత మొహం చూసినప్పుడు నాకు కోపం రాలేదు. చాలాకాలం తర్వాత మా పేరు అచ్చులో కనిపించింది. బాగుందనిపించింది.

మరుసటి ఆదివారం అల్వాల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో సభ పెట్టాడు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, 'మా ఖాందాన్‌కు పెద్ద' అని పరిచయం చేసి మైకు చేతికిచ్చాడు. హాల్లో రెండు వందల మంది దాకా ఉన్నారు. చాలామంది పక్కన ఎవరో ఒక రోగి. నేను లేచి, మా ముత్తాత ఇంగ్లీషు దొరలకు కూడా ఈ మందు ఇచ్చేవాడని మా తాత చెప్పగా విన్నానని అన్నాను. మా తాత అలాంటిదేమీ చెప్పలేదు. మైకు పట్టుకున్నాక ఆ మాట పుట్టింది. చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత అయిదు నెలలు అతని దగ్గర సీసాలు కొని రోజూ పొద్దున పది చుక్కలు వేసుకున్నాను.

పుండు గట్టిపడింది. నొప్పి కుడి చెవిలోకి పాకింది. మెడ పక్కన రేగిపండంత గడ్డ తేలింది. అన్నం ఎడమ దవడతోనే నమలడం అలవాటు చేసుకున్నాను. విఠల్‌ను అడిగితే, లోపలి విషం బయటికి వస్తోందనీ, అది మంచి గుర్తేననీ అన్నాడు. ఒకరోజు ఫోనులో నా మాట మా బావమరిదికి అర్థం కాలేదు. తాగి ఉన్నాననుకున్నాడట. అది విన్నాక అనసూయ ఆటో పిలిచింది. వద్దన్నాను. ఆమె నాతో వాదించలేదు, నా చెప్పులు తెచ్చి ఎదురుగా పెట్టింది.

బయాప్సీ రిపోర్టులో రెండు లైన్లే ఉన్నాయి. స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే క్యాన్సరే. ఎంఆర్ఐ, పెట్ సీటీ అయ్యాక సర్జన్ మమ్మల్ని కూర్చోబెట్టి ఫిల్ములు చూపించాడు. ఆయనకు మొహమాటం లేదు.

"అయిదు నెలల క్రితం వచ్చుంటే చిన్న ముక్క తీసి కుట్టేసి పంపేవాణ్ణి. ఇప్పుడు నాలుక మొదలు దాకా పోయింది. తీస్తే చాలా భాగం తీయాలి. మీరు బతకొచ్చు, మాట మాత్రం రాదు."

ఈ అయిదు నెలలు ఎక్కడున్నారని అడిగాడు. నేను గోడ వైపు చూశాను. అనసూయ చెప్పింది.

మాట పోయే ఆపరేషన్ వద్దన్నాను. కీమో కూడా కుదరలేదు. రక్తంలో క్రియాటినిన్ ఎక్కువగా ఉంది, సిస్ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తే కిడ్నీలు తట్టుకోవన్నారు. నా కేసు ట్యూమర్ బోర్డుకు వెళ్ళింది, అంటే నాలుగు విభాగాల డాక్టర్లు కూర్చుని మాట్లాడుకున్నారు. తర్వాత రేడియేషన్ డాక్టర్ పిలిచి ఒక ట్రయల్ సంగతి చెప్పారు. కీమోకు పనికిరాని రోగుల కోసమట. గడ్డలోకి ఒకే ఒకసారి ఇంజెక్షన్‌తో నానో రేణువులు ఎక్కిస్తారు, తర్వాత ఏడు వారాల రేడియేషన్. రేణువులు గడ్డలోనే ఉండిపోతాయి. కిరణం తగిలినప్పుడు వాటిలోంచి ఎలక్ట్రాన్లు చిమ్మి, గడ్డకు తగిలే దెబ్బను పెంచుతాయి. 'ఇది ట్రయల్ అండీ. పనిచేస్తుందని మాట ఇవ్వను. పనిచేయవచ్చు అని మాత్రమే అంటున్నాను' అన్నారు డాక్టర్. మాట ఇవ్వనన్నందుకే ఆయన్ను నమ్మాను.

బంగారమేనా అని అడిగాను. కాదు, హాఫ్నియం అనే లోహం అన్నారు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. బంగారంతో కూడా ఇదే పద్ధతిలో పరిశోధనలు జరుగుతున్నాయని, రెండూ బరువైన లోహాలేనని అన్నారు. నా తలలో 'బంగారంతో కూడా' అన్న రెండు మాటలు నిలిచిపోయాయి. వాటి వల్ల ఏం జరిగిందో తర్వాత చెబుతాను.

కుడి పక్క కింది దవడలో నాకు ఒక బంగారు పన్ను ఉండేది. మా ఇంట్లో పెద్ద కొడుకుకు పెళ్ళికి ముందు ఒక పన్నుకు బంగారు తొడుగు వేయిస్తారు. పోయేటప్పుడు నోట్లో బంగారం ఉండాలి కదా, అప్పుడు ఎవరినీ అడుక్కోకుండా అది ముందే ఉంటుందని. ఇంట్లో ఉన్న బంగారమంతా ఎటు పోయినా అది మాత్రం పోలేదు. రేడియేషన్‌కు ముందు దంతవైద్యుడు దాన్ని తీసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. గంటసేపు చెప్పి చూసి, చివరికి ఒక గార్డ్ తయారు చేశారు. మెత్తటి ప్లాస్టిక్‌ది, పన్ను మీద తొడుక్కుంటే నాలుకకూ బంగారానికీ మధ్య అరసెంటీమీటరు ఎడం ఉంచుతుంది. కిరణం పడినప్పుడు బంగారం పక్కదాన్ని కాలుస్తుందనీ, ఆ ఎడం చాలు కాపాడటానికి అనీ చెప్పారు. రోజూ బల్ల మీద పడుకునే ముందు నేనే తొడుక్కోవాలి.

చెప్పింది హైమావతి. ఆమె మెడికల్ ఫిజిసిస్ట్. డాక్టర్ ఎంత డోసు కావాలో రాస్తే, అది ఎటునుంచి ఎంత పడాలో లెక్కకట్టే మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మల్కాజిగిరిలో స్థిరపడిన కుటుంబం. మాకు అమ్మాయి ఉండి ఉంటే ఆ వయసే. వారానికి ఒకసారి, గురువారం, గార్డ్ లోపల చిన్న అరలో గోరంత ఫిల్ము పెట్టేది. దాని మీద నానో పూత ఉంటుంది. రేడియేషన్ పడితే తెల్లగా ఉన్నది నీలమవుతుంది, ఎంత పడిందో ఆ నీలాన్ని బట్టి కొలుస్తుంది. అది ఆమె సొంత పరిశోధన. రోగులందరి దగ్గరా సంతకాలు తీసుకుని చేసేది.

ఇంజెక్షన్ రోజున పెద్దగా నొప్పి లేదు. నాలుక మందమైంది, అంతే. మరుసటి రోజు సీటీలో రేణువులు పెట్టినచోటే ఉన్నాయని చూసుకున్నారు. మొహానికి జాలీలాంటి మాస్కు బిగించి బల్లకు బోల్టులు వేస్తారు. మొదటి రోజు ఊపిరాడదేమో అనిపిస్తుంది. మూడో రోజుకు అలవాటవుతుంది. మొదటి రెండు వారాలు నాకు పెద్ద కష్టం తెలియలేదు. నోరు ఎండడం, రుచి పోవడం. అన్నం మట్టిలా, టీ వేడి నీళ్ళలా ఉండేది.

మూడో వారంలో వెయిటింగ్ హాల్లో ఒకాయన నన్ను అదేపనిగా చూస్తున్నాడు. తెల్ల మీసాలు, గుండీలన్నీ పెట్టుకున్న చొక్కా. పక్కన చక్రాల కుర్చీలో భార్య, మెడంతా నల్లబడి. లేచి నా దగ్గరికొచ్చాడు.

"అల్వాల్‌ల మాట్లాడింది మీరే గద సార్?"

తల ఊపాను. ఆయన తిరుమలగిరిలో ఉండే రిటైర్డ్ హవల్దార్, పేరు మల్లయ్య. కోపంగా మాట్లాడలేదు. భార్యకు గొంతులో పుండు ఉంటే ఆసుపత్రికి తీసుకుపోదామనే అనుకున్నాడట. ఇంత పెద్దమనిషి నిలబడి చెబుతున్నాడు, అబద్ధమెందుకు ఆడతాడని నాలుగు నెలలు ఆ చుక్కలే తాపించాడట. ఇప్పుడిస్తున్న రేడియేషన్ నొప్పి తగ్గడానికేనని డాక్టర్లు చెప్పేశారట.

"నేను విఠల్‌ను నమ్మలే సార్. మిమ్మల్ని నమ్మిన."

ఆ మాట చెప్పి వెళ్ళి భార్య పక్కన కూర్చున్నాడు. ఆమెకు నీళ్ళు తాగించాడు.  

ఆ రోజు నుంచి నాకు బతకాలన్న కోరిక వేరేలా పట్టుకుంది. అంతకుముందు పోతే పోతాను అనుకునేవాణ్ణి. ఇప్పుడు అలా కాదు. ఏ హాల్లో, ఏ నాలుకతో ఆ మాట అన్నానో, అదే హాల్లో, అదే నాలుకతో దాన్ని వెనక్కి తీసుకోవాలి. విఠల్ ఎదురుగా ఉండగా తీసుకోవాలి. నాలుక పోతే కాగితం మీద రాసివ్వచ్చు, కానీ నా రాత చూసి ఎవరూ ఆ సీసా కొనలేదు. నా మాట విని కొన్నారు.

అప్పుడు నాకు డాక్టర్ అన్న 'బంగారంతో కూడా' గుర్తొచ్చింది. బంగారం కిరణాన్ని పెంచుతుంది కదా. గడ్డ పక్కనే మా ఇంటి బంగారం ఉంది కదా. దాన్ని ప్లాస్టిక్‌తో కప్పి ఎందుకు ఆపుతున్నారు? నాకు త్వరగా తగ్గాలి, బలంగా తగ్గాలి. సోమవారం గార్డ్ తొడుక్కున్నట్టే చేసి, పుక్కిలించే నెపంతో తీసి, కుర్చీ మీది నా తువ్వాల మడతలో పెట్టాను. మంగళవారం, బుధవారం అదే పని. మాస్కు కింద పడుకుని, ఆ పన్ను గడ్డ మీద పనిచేస్తోందని ఊహించుకునేవాణ్ణి. గడ్డకు విఠల్ మొహం కూడా పెట్టి చూసుకునేవాణ్ణి, అది కూడా చెప్పాలి.

బుధవారం రాత్రికి నాలుక కుడి అంచు పుండులా రేగిపోయింది. ఇది పనిచేస్తున్న గుర్తేననుకున్నాను. ఈ మాటే విఠల్ నాతో అంటే నమ్మి మోసపోయినవాణ్ణి, ఇప్పుడు నాకు నేనే అన్నాను.

గురువారం కూడా గార్డ్ తీసేశాను, అది ఫిల్ము పెట్టే రోజన్న సంగతి మరిచిపోయాను. అయిపోయాక హైమావతి తన గదికి రమ్మంది. బల్ల మీద కాగితం, దాని మీద ఆ గోరంత ముక్క. పాలలా తెల్లగా ఉంది.

"సార్, ఇది ఇవాళ ఎక్కడుందండి?"

నోట్లోనే ఉందన్నాను.

"నోట్లో ఉంటే నీలమవ్వాలండి. మెషినేమో పూర్తి డోసు పడిందంటోంది. మెషిన్ అబద్ధమాడుతోందా, మీరాడుతున్నారా?"

నా అరవై నాలుగేళ్ళలో నన్నెవరూ అలా అడగలేదు. అడగనిచ్చేవాణ్ణి కాదు. చెప్పేశాను. ఎన్ని రోజులో, ఎందుకో అన్నీ. ఆమె నవ్వలేదు. నవ్వుతుందనే భయపడ్డాను. నోరు తెరిపించి టార్చి వేసి చూసింది. తర్వాత ఒక కాగితం మీద గుండ్రంగా గడ్డ గీసి, దాని లోపల చుక్కలు పెట్టింది.

"ఈ చుక్కలు గడ్డ లోపలున్నాయి, గడ్డనే కొడతాయి. మీ పన్ను బయటుందండి. దానికి గడ్డేదో మంచి నాలుకేదో తెలీదు. పక్కన ఏది ఆనితే దాన్ని కాలుస్తుంది. నాలుగు రోజులూ మీ మంచి నాలుకనే కాల్చారు మీరు."

టెక్నీషియన్లను కూడా పిలిచి గట్టిగా మందలించింది. అది నాకు ఇంకా సిగ్గనిపించింది. తప్పు నాది.

రేడియేషన్ డాక్టర్ వారం గ్యాప్ ఇవ్వక తప్పదన్నారు. 'గ్యాప్ వస్తే లాభం మీకు కాదు, గడ్డకు' అన్నారు. పన్ను పీకితే దవడ ఎముక మానదని, తొడుగు మాత్రం కోసి తీశారు. వాచిన నోట్లో ఆ పని ముప్పావు గంట పట్టింది. తొడుగు రెండు ముక్కలై ట్రేలో పడింది. అనసూయ వాటిని అమ్మి వచ్చిన డబ్బుతో నాకు ముక్కులో వేసిన గొట్టం ద్వారా పోసే ఆహారం పొడి తెచ్చింది. మా నాన్న ఉంటే ఏమనేవాడో అని నేను అనలేదు. అనడానికి మాట కూడా పూర్తిగా పోయింది.

ఆ గ్యాప్ వారంలోనే ఇంకో సంగతి బయటపడింది. వేరే మందులేమైనా వాడుతున్నారా అని హైమావతి అడిగితే అనసూయ చేతిసంచిలోంచి విఠల్ సీసా తీసి ఇచ్చింది. హైమావతి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పెట్టి చూసింది. పచ్చగా మెరిసింది. కాగితం మీది పేరు చదివింది, నా వైపు చూసింది. అలమారలోంచి ఒక చిన్న గాజు గొట్టం తెచ్చి పక్కన పెట్టింది. అందులోది దానిమ్మ రసంలా ఎర్రగా ఉంది.

"ఇది నిజం నానో బంగారమండి. ల్యాబులో వాడుకునేది. అంత చిన్నగా చేస్తే బంగారం పసుపుపచ్చగా ఉండదు, ఎర్రగానో ఊదాగానో అయిపోతుంది. మీ సీసాలోది రంగూ మెరుపుపొడీ అయ్యుంటాయి. నిజందే అయినా తాగితే క్యాన్సర్ తగ్గదు, అది వేరే సంగతి."

అనసూయ ఆ ఎర్ర గొట్టం వైపు, పచ్చ సీసా వైపు మార్చి మార్చి చూసింది. "గింతేనా" అంది. ఆ అయిదు నెలల గురించి ఆమె నాతో అన్న మాట అదొక్కటే.

రాని మాటకు బదులు పలక మీద రాసి, ఎక్కడ ఫిర్యాదు చేయాలో అడిగాను. ఔషధ నియంత్రణ శాఖకు అని హైమావతి చెప్పింది. బిల్లు, సీసా, బయాప్సీ కాపీ జతచేసి, పలక మీద రాసిన చేత్తోనే ఫిర్యాదు రాశాను. డ్రాఫ్ట్స్‌మన్ అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

మిగిలిన రేడియేషన్లు పూర్తిచేశాను. ముప్పై అయిదోది అయ్యేసరికి ఇరవై కిలోలు తగ్గాను. మూడు నెలల తర్వాత పెట్ సీటీలో గడ్డ కనిపించలేదు. డాక్టర్ 'కంప్లీట్ రెస్పాన్స్' అన్నారు. 'నయమైంది' అని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు. అది రేణువుల వల్లో, కిరణాల వల్లో, రెండింటి వల్లో ఒక్క రోగిని చూసి చెప్పలేమన్నారు.

మాట రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. స్పీచ్ థెరపిస్ట్ అ నుంచి మొదలుపెట్టమంది. నేను నాలుగు వాక్యాలు రాసుకుని వాటితో మొదలుపెట్టాను. పొద్దున ఇరవై సార్లు, సాయంత్రం ఇరవై సార్లు, అద్దం ముందు. పక్క పోర్షన్ వాళ్ళు మంత్రాలు చదువుతున్నాననుకున్నారు.

ఆలోగా తనిఖీవాళ్ళు ఒకసారి విఠల్ దుకాణానికి వెళ్ళి శాంపిల్ తీసుకుపోయారు. రిపోర్టు ఇంకా రాలేదు. ఆదివారం సభలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. ఒక ఆదివారం అల్వాల్ వెళ్ళాం. నా పాత షేర్వాణీ ఇద్దరు మనుషులకు సరిపోయేంత వదులైంది. వెనక వరసలో కూర్చుందామనుకున్నాను. విఠల్ స్టేజీ మీంచి చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత మొహం వెలిగిపోయింది.

"చూసిన్రా! మా పెద్దన్న! క్యాన్సర్ అన్నరు, కతం అన్నరు. ఎట్ల నడుచుకుంట వచ్చిండో చూడున్రి! రా అన్నా, నీ నోటితోనే చెప్పు."

మైకు ఎలా అందుకోవాలా అని నేను నెలల తరబడి ఆలోచించాను. వాడే తెచ్చి చేతిలో పెట్టాడు.

మొదటి వాక్యం అన్నాను. ఎండిన నోరు, బండబారిన నాలుక, హాల్లో ప్రతిధ్వని. జనానికి అర్థం కాలేదు. విఠల్ నా భుజం మీద చెయ్యి వేసి, మైకు తనవైపు వంచుకుని, 'అన్న ఏమంటుండంటే, ఈ మందుతోనే బతికిన అంటుండు' అన్నాడు. చప్పట్లు మొదలయ్యాయి.

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో అనసూయ పదిమందిలో పెదవి విప్పగా నేను చూడలేదు. విప్పనిచ్చానా అని కూడా అడగండి. ఆమె వెనక వరసలో లేచి నిలబడింది.

"గాయన అన్నది అది కాదు విఠల్. నువ్వు చెయ్యి తీసి పక్కకు జరుగు. మల్ల చెప్తడు."

చప్పట్లు ఆగిపోయాయి. నీళ్ళు ఒక గుక్క తాగి, ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

"ఆ రోజు నేను అబద్ధం చెప్పిన. మా ఇంట్ల ఏ మందూ లేదు. ఈ బొమ్మల ఉన్నాయన కంటోన్మెంట్ గుర్రాలకు గడ్డి అమ్మిండు. ఇది తాగి అయిదు నెలలు పోగొట్టుకున్న, నన్ను బతికించింది రేడియేషన్."

ముత్తాత గడ్డి అమ్మాడన్న మాట మా ఇంట్లో మూడు తరాలు ఎవరూ నోట ఎత్తలేదు. 'కంట్రాక్టరు' అనేవాళ్ళం. ఈ వ్యాసంలో మొదట నేనూ అలాగే రాశాను. ఆ ఒక్క మాటే విఠల్ వ్యాపారానికి పునాది అని తెలుసు కాబట్టి, దాన్నే లాగాను. వాడి మొహంలో రంగు పోవడం దగ్గర నుంచి చూశాను. చూడ్డానికే దగ్గరగా నిలబడ్డాను.

ఎవరో నవ్వారు. ఇంకెవరో 'మరి మా పైసలు?' అన్నారు. విఠల్ మా అన్నకు దిమాగ్ ఖరాబైందని మొదలుపెట్టాడు. నేను మైకు కింద పెట్టి, లైటు వైపు తిరిగి నోరు తెరిచాను. లోపల నాలుక ఒక పక్క నల్లగా, ముడుచుకుని, వెంట్రుక పుట్టని మచ్చలా ఉంటుంది. ముందు వరసలో ఒకామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత సంచిలోంచి సీసా తీసి కుర్చీ కింద పెట్టి, పక్కనున్న కొడుకుతో ఏదో అని లేచింది. ఆమె వెనక ఇంకో నలుగురు లేచారు.

తర్వాత ల్యాబ్ రిపోర్టు వచ్చింది. సీసాలో బంగారం లేదు. దుకాణం మూయించారు, కేసు నడుస్తోంది. విఠల్ ఒకసారి ఫోన్ చేసి, ఖాందాన్ ఇజ్జత్ తీసినవ్ అన్నాడు. నాలుగు వాక్యాలు కాక మిగతా మాటలు కూడా వస్తున్నాయి కాబట్టి, సాక్షి బోనులో ఇంకా తీస్తానని చెప్పాను. రాజీ చేసుకోమని మా బంధువులు ఇద్దరు వచ్చారు. టీ ఇచ్చి పంపాం. నాలో మంచితనం పుడుతుందని ఎదురుచూసేవాళ్ళు ఎదురుచూడొచ్చు. వాయిదాకు మాత్రం ప్రతిసారీ నేను పది నిమిషాల ముందే ఉంటాను.

మల్లయ్య భార్య బతకలేదు. దశదిన కర్మకు వెళ్ళాను. అల్వాల్ సంగతి ఆయనకు చేరింది. నన్ను మెచ్చుకోలేదు, తిట్టలేదు. భోజనం చేసి పొమ్మన్నాడు. మెత్తగా కలిపిన పెరుగన్నం నాకోసం విడిగా పెట్టించాడు. తిన్నాను. ఆయన కూడా సాక్షి జాబితాలో ఉన్నాడు.

ఇప్పుడు మూడు నెలలకోసారి చెకప్. లాలాజలం సగమే ఉంది, సీసాలో నీళ్ళు లేకుండా వీధి చివరకు కూడా వెళ్ళలేను. కారం తగలకూడదు. పాన్ మానేశాను. హైమావతి ఫిల్ముల పరిశోధనలో నా తెల్ల ఫిల్ము కూడా ఉందట, రోగి పేరు లేకుండా. పేరు వేసినా నాకు అభ్యంతరం లేదని చెప్పాను, నిబంధన ఒప్పుకోదంది.

నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. నోట్లో ఏ పుండైనా మూడు వారాలు దాటితే, నొప్పి ఉన్నా లేకున్నా, నాలుగో వారం మొదటి రోజే వెళ్ళి బయాప్సీ చేయించుకోండి. ముక్క తీస్తే రోగం లేస్తుందనే మనిషి మీ ఇంటికి వస్తాడు. తప్పకుండా వస్తాడు. మీవాడే అయి ఉంటాడు, గౌరవంగానే మాట్లాడతాడు. ఆయన్ను కూర్చోబెట్టి, మీరు ఆసుపత్రికి వెళ్ళండి.